ఇంటి దొంగని పట్టుకుని వింత వైరస్ అంటే ఎట్టా ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారమండి.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఐటం వేసారు, ఐసీయూలో వింత వైరస్ అని ఇంత లావు హెడ్డింగ్, పక్కన ఎర్రటి ముళ్ళబంతి బొమ్మ ఒకటి, కరోనా టైంలో వాడిన బొమ్మనే మళ్ళీ దుమ్ము దులిపి వేసినట్టున్నారు. లోపల చదువుకుంటా పోతే ఆరో లైన్లో పేషెంట్ రక్తంలో క్యాండిడా కనిపించింది అని ఉంది. క్యాండిడా వైరస్ కాదండి, ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. బ్రెడ్డు పొంగించేదీ కల్లు పులియబెట్టేదీ కూడా ఈస్టే, ఇది వాటికి దూరపు చుట్టం. పైగా వింత కూడా కాదు, ఈ ఉత్తరం చదివేవాళ్ళలో చాలామందికి నోట్లోనో పేగుల్లోనో ఈపాటికే కాపరం పెట్టి ఉంటది. మీ ఐటం వచ్చిన రోజు పొద్దున్నే మా లైన్లో వాళ్ళు ముగ్గురు నా దగ్గరికొచ్చి మళ్ళీ మాస్కులు కొనుక్కోవాలా అని అడిగారు, అందులో ఒకాయన వియ్యంకుడు హాస్పిటల్లో ఉంటే చూడ్డానికి వెళ్ళడం మానుకున్నాడంట, వాళ్ళావిడ పోనియ్యలేదంట. అందుకే రాస్తన్నా. తప్పు పట్టడానికి కాదు అంటే అబద్ధం, కొంచెం తప్పు పట్టడానికే.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబులో మైక్రోబయాలజీ బెంచి మీద 31 ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషిని. డాక్టర్ని కాదు, ముందే చెప్తన్నా. చీము, కఫం, యూరిన్, రక్తం, జనం ముక్కు మూసుకునేవన్నీ నా టేబుల్ మీదకే వచ్చేవి. సూక్ష్మజీవులు కనపడటానికి వేసే రంగులు, స్టెయిన్లు అంటారు, అవి వేసీ వేసీ కుడిచేతి వేళ్ళు ఎప్పుడు చూసినా ఊదారంగులో ఉండేవి, మా ఆవిడ ఆ చేత్తో అన్నం కలపనిచ్చేది కాదు, స్పూను పడేసేది. సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేట్లు వాసన చూడకూడదు, అది రూలు, కానీ మూత తీసినప్పుడు ముక్కు ఎక్కడికి పోయిద్ది. సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగిన ప్లేటు ద్రాక్షపళ్ళ వాసన వేస్తది, ప్లేటు మొత్తం నీలం పచ్చ కలిసిన రంగు దిగుద్ది, ఆ పేషెంట్ కట్టు విప్పితే చీము కూడా అదే రంగులో ఉంటది. క్యాండిడా ప్లేటు అయితే రాత్రి రుబ్బిపెట్టిన దోశపిండి గిన్నె పొద్దున మూత తీసినట్టే, తెల్లగా మీగడ చుక్కలు పెట్టినట్టు కాలనీలు. అందులో ఆల్బికన్స్ అనే రకమా కాదా చూడాలంటే చిన్న పరీక్ష ఒకటుంది, కాస్త సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీళ్ళలో, ఆ మీగడ కొంచెం కలిపి 37 డిగ్రీల్లో రెండు మూడు గంటలు ఉంచి మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి గింజలకి తోక మొలిచి కనిపిస్తది. అచ్చం పెసలు నానబోసి గుడ్డలో కట్టి పెడితే మొలకలు వచ్చినట్టు. కొత్తగా చేరిన పిల్లలకి నేనట్టాగే చెప్పేవాణ్ణి, పెసర మొలక కనిపిస్తే దాదాపు ఆల్బికన్సే, రాసుకో అమ్మా అని.

పుస్తకాల్లో ఈ బాపతు వాటిని అవకాశవాద సూక్ష్మజీవులు అంటారు. అవకాశవాదం అంటే ఏందో మన కృష్ణా గుంటూరు జిల్లాల వాళ్ళకి ఒకళ్ళు చెప్పాల్నా, ఎలక్షన్ ముందు చూస్తానే ఉంటాం కదా. కలరా టైఫాయిడ్ లాంటివి వేరే, అవి బయట నుంచి నీళ్ళలోనో తిండిలోనో వచ్చి రాయిలాగా ఉన్న మనిషిని కూడా పడేస్తాయి. ఇవి అట్టా చెయ్యవు. చర్మం మీద, నోట్లో, పేగుల్లో, సింకులో, మట్టిలో వాటి పాటికి అవి బతుకుతా ఉంటాయి, మనిషి గట్టిగా ఉన్నంత కాలం నోరెత్తవు, షుగర్ పెరిగిందా, స్టెరాయిడ్ పడిందా, క్యాన్సర్ మందు ఎక్కిందా, నెల తక్కువ బిడ్డ పుట్టిందా, ఒంట్లోకి ఏదన్నా గొట్టం దూర్చారా, అప్పుడు లేస్తాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అని మన పెద్దోళ్ళు ఊరికే అన్లేదు.

అసలు వీటి పనితనానికి మన ఇళ్ళల్లో పేర్లు ఎప్పట్నించో ఉన్నాయి. చంటిపిల్లల నాలిక మీద తెల్లగా పేరుకునే నోటిపూత క్యాండిడా పనే. ఆడవాళ్ళకి దురదతో, పెరుగు విరిగినట్టు అయ్యే రకం తెల్లబట్ట అదే, సిగ్గుపడి నెలల తరబడి చెప్పరు గానీ. గోరుచుట్టు చూడండి, ఎర్రగా వాచి రాత్రంతా సలిపి నాలుగు రోజుల్లో చీము పోసేది ఎక్కువగా స్టాఫ్ అనే బాక్టీరియా, అదే అంట్లు తోమే ఆడమనిషికో హోటల్లో గిన్నెలు కడిగే కుర్రాడికో తగ్గినట్టే తగ్గి నెలల తరబడి సతాయించే గోరుచుట్టు ఉంటది, అందులో చాలాసార్లు క్యాండిడా చేరి కూర్చుంటది, ఎందుకంటే చేతులు ఎప్పుడూ తడే. దానికి యాంటీబయాటిక్ బిళ్ళలు మింగితే గోరుచుట్టు మీద రోకటి పోటే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా తోడల్లుడు వాళ్ళు సింగ్ నగర్లో ఉన్నారు, రోజుల తరబడి మురుగునీళ్ళలోనే తిరిగారు. నీళ్ళు తీసాక అందరికీ కాలివేళ్ళ మధ్య పాసిపోయి తెల్లగా తోలు ఊడొచ్చింది. పిల్లలకి పొడిగా తుడిచి పౌడరు క్రీము పూస్తే వారంలో తగ్గింది, మా తోడల్లుడికి షుగరు, ఆ పగిలిన చోట నుంచి బాక్టీరియా లోపలికి పోయి కాలు మోకాలి దాకా ఎర్రగా పొంగింది. నీళ్ళు అవే, ఇల్లు అదే, వచ్చింది ఆయన ఒక్కడికి.

ఇప్పుడు మా అక్కయ్య సంగతి చెప్తా, మీ ఐటం చూసి నాకు ఎందుకు అంత మండిందో అర్థమయిద్ది. ఆవిడకి 68, షుగర్ వచ్చి 14 ఏళ్ళు. బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగితే విజయవాడలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ చేయించాం, పేరు వద్దులెండి, ఆపరేషన్ మటుకు చాలా బాగా చేసారు. ఆపరేషన్ రోజు యూరిన్ పైపు పెట్టారు. అది ఒకటి రెండు రోజుల్లో తీసెయ్యాల్సింది. మూడో రోజు అయింది, నాలుగో రోజు అయింది, ఆ పైపు ఇంకా అవసరమా అని ఎవరూ అడగలేదు, డాక్టరు గారు కట్టు చూసుకుని పోయేవారు, నర్సమ్మాయి బ్యాగు నిండితే ఖాళీ చేసి పోయేది. మేమన్నా అడిగామా అంటే లేదు. నిజం చెప్పాలంటే మాకూ హాయిగానే ఉంది, బెడ్ ప్యాన్ పెట్టే పని లేదు, రాత్రిళ్ళు లేపే పని లేదు. 31 ఏళ్ళు ఆ పైపుల నుంచి వచ్చిన యూరిన్ ప్లేట్ల మీద గీసినవాణ్ణి నేనే పక్కన స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటన్నా, ఇంక ఎవర్ని అంటాం.

ఆ గొట్టం లోపల ఏం జరుగుద్దో చెప్తా. వారం రోజులు కడగని బిందె లోపల వేలు పెట్టి రుద్దితే జారుడుగా పాచి తగులుద్ది చూడండి, అట్టాంటి జిగురు పొర గొట్టం గోడకి పట్టుద్ది. ఆ పొరలో బాక్టీరియా ఈస్టులు కలిసి కాపరం చేస్తాయి, మందు ఎంత ఎక్కించినా పొర లోపలికి సరిగ్గా పోదు, పైపైవి చస్తాయి లోపలివి మళ్ళీ బయటికొస్తాయి. చేతికి పెట్టే కాన్యులా అయినా మెడ దగ్గర పెట్టే లైను అయినా ఇదే కథ. చాలాసార్లు అసలు వైద్యం ఆ గొట్టం పీకేయడమే.

ఆరో రోజు రాత్రి అక్కయ్యకి చలి, వణుకు, 103 జ్వరం. వెంటనే ఒక యాంటీబయాటిక్ మొదలెట్టారు, తగ్గలేదని మర్నాడు ఇంకోటి, యూరిన్ కల్చర్, అంటే అందులో ఏ పురుగుందో ప్లేటు మీద పెంచి చూసే పరీక్ష, పంపారా అని నేను అడిగితే పంపుతాం అన్నారు, పంపింది మూడో రోజు. అప్పటికే రెండు మందులు ఒంట్లో తిరుగుతన్నాయి. మందు పడ్డాక శాంపిల్ తీస్తే సగం సార్లు ప్లేటు మీద ఏమీ మొలవదు, మా అదృష్టమో దురదృష్టమో మొండిది కాబట్టి ఆవిడది మొలిచింది, క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా, గులాబీరంగులో బంక బంకగా, లూపుతో ఎత్తితే పాకం తీగ సాగినట్టు సాగుద్ది. పక్కన మందుల లిస్టు చూస్తే పైనుంచి కింద దాకా రెసిస్టెంట్ రెసిస్టెంట్ రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదని, పనిచేసేవి రెండో మూడో మిగిలాయి. పెద్ద ఇంజక్షను మొదలైంది, పాత పైపు తీసి కొత్త పైపు వేసారు, జ్వరం దిగింది, హమ్మయ్య అనుకున్నాం.

ఆ ఇంజక్షన్ల ఎనిమిదో రోజున అక్కయ్య అన్నం వద్దంటం మొదలెట్టింది. ఏం పెట్టినా దూది నమిలినట్టుంది, మింగుతుంటే మంట అంది. కోడలు పచ్చడి కారం ఎక్కువైందేమో అనుకుంది. నేను సెల్ ఫోను లైటు వేసి నోరు చూస్తే నాలిక మీద, బుగ్గల లోపల, అంగిట్లో పెరుగు గడ్డలు అంటించినట్టు తెల్లగా ఉంది, దూదితో కొంచెం గీకితే ఊడొచ్చి కింద ఎర్రగా పుండులాగా. కట్టుడు పళ్ళు రాత్రిపూట కూడా తియ్యట్లేదంట, నర్సు ముందు బోసినోటితో ఉండటం నామోషీ అంట. ఆ పళ్ళసెట్టు లోపలి వైపు గీకి స్లైడు మీద పూసి పాత ల్యాబులో మా పిల్లల చేత స్టెయిన్ వేయించి చూసా. ఊదారంగులో మొగ్గలేస్తా ఒకదానికొకటి గొలుసులుగా, స్లైడు నిండా. యూరిన్లో కూడా అదే. మీ పేపర్లో వింత వైరస్ అన్నారే, అది.

అది ఎక్కడ నుంచి వచ్చిందనుకుంటన్నారు, ఆవిడ నోట్లో ముప్పై నలభై ఏళ్ళుగా ఉన్నదే అయ్యుంటది. నోట్లో పేగుల్లో కోట్ల కోట్ల బాక్టీరియా ఉండి ఆ ఈస్టుకి ఎదిగే చోటు ఇవ్వకుండా పెడతాయి. యాంటీబయాటిక్ బాక్టీరియాని చంపుద్ది, ఈస్టుని ఏమీ చెయ్యదు, దాని గోడ వేరే పదార్థం, దాని లోపలి కట్టుబడి బాక్టీరియా కన్నా మనకే దగ్గర. కలుపు మందు కొడితే పైరు పోయి తుంగ మిగిలినట్టు. అదే కారణంగా ఫంగస్ మందులు కూడా తక్కువే ఉన్నాయి, దాన్ని చంపేది మనల్ని కూడా కొంత గీకుద్ది.

దీని చరిత్ర కూడా కాస్త చెప్పుకోవాలి, అందులో మనవాడు ఉన్నాడు కాబట్టి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, ఆయన కింద డగ్గర్ అనే పెద్దాయన మట్టిలో ఉండే ఒక జీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీసాడు, 1948లో బయటికొచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటిది. సుబ్బారావు గారు పోయింది కూడా ఆ ఏడాదే. అట్టా అన్ని రకాల బాక్టీరియాని ఊడ్చేసే మందులు వచ్చేసరికి రోగం తగ్గిన మనిషికి నోరంతా పూత లేవడం డాక్టర్లకి కొత్త తలనొప్పి అయింది. 1950లో హేజన్, బ్రౌన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు, ఒకావిడ న్యూయార్కులో ఒకావిడ ఆల్బనీలో ఉండి, మట్టి శాంపిళ్ళ సరుకు పోస్టులో అటూ ఇటూ పంపుకుంటా నిస్టాటిన్ కనిపెట్టారు, ఈస్టుని చంపి మనిషి తట్టుకునే మొదటి మందుల్లో అదొకటి. న్యూయార్క్ స్టేట్ పేరు మీద నిస్టాటిన్ అని పెట్టారు. తర్వాత సుబ్బారావు గారి పేరు మీద ఒక ఫంగస్‌కే సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు, మన వాళ్ళల్లో ఎంతమందికి తెలుసు. ఇట్టాంటివి వెయ్యండి సార్ ఆదివారం పేజీలో.

మళ్ళీ అక్కయ్య దగ్గరికి వస్తా. ఈసారి డాక్టరు గారు మంచి పని చేసారు, పైపు తీయించేసారు. యూరిన్లో ఈస్టు దాదాపు దానంతట అదే పోయింది, నోటికి పూతమందు, వారం పైన ఫంగస్ బిళ్ళలు, రాత్రిళ్ళు పళ్ళసెట్టు తీసి మందు నీళ్ళలో వెయ్యమన్నారు. అయిదు రోజుల్లో ఇంటికి రావాల్సిన మనిషి 23 రోజులు ఉంది. బిల్లు సంగతి వద్దు, పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి.

ఆ 23 రోజుల్లో ఖాళీగా కూర్చుని చూసినవి కొన్ని. మంచానికి శానిటైజర్ సీసా కట్టి ఉంది, నొక్కితే గాలి వచ్చింది. పక్క బెడ్డు పెద్దాయనకి ఆక్సిజన్ బుడగలు వచ్చే సీసా ఉంటది చూడండి, అందులో వాడాల్సింది స్టెరైల్ నీళ్ళు, ఆయా వచ్చి వాష్ బేసిన్ కుళాయి నీళ్ళు పట్టి పోసింది. సూడోమోనాస్‌కి సింకు గొట్టాలు, కుళాయి మూతి పుట్టిల్లు లాంటివి, నీళ్ళుంటే చాలు పెద్ద తిండి కూడా అక్కర్లేదు దానికి, పల్చగా కలిపి రోజుల తరబడి ఉంచిన యాంటీసెప్టిక్ నీళ్ళలో కూడా పెరగగలదు. ఆ బుడగల నుంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి. నేను చెప్తే ఆ అమ్మాయి నాకెవరూ చెప్పలేదండీ అంది, నిజంగానే ఎవరూ చెప్పి ఉండరు, నెలకి వాళ్ళకిచ్చే జీతంలో ట్రైనింగ్ కూడానా.

ఇక మనవాళ్ళు. సాయంత్రం ఆరైతే ఒక్కో బెడ్డుకి ఏడుగురు ఎనిమిది మంది, కమలాలు, కొబ్బరిబోండాలు, ఈ మంచం మీద కూర్చుని పలకరించి ఆ చెప్పులతో ఆ చేతుల్తో పక్క మంచం దగ్గరికి పోయి మీదే ఊరండీ అని ఆ మంచం కడ్డీ పట్టుకుని నిలబడతారు. అసినెటోబాక్టర్ అని ఒక బాక్టీరియా ఉంది, పొడి కడ్డీ మీద వారాల తరబడి చావకుండా ఉంటది. క్యాండిడాలోనే ఆరిస్ అని ఇంకో రకం ఉంది, 2009లో జపాన్లో ఒక 70 ఏళ్ళ ఆవిడ చెవిలో దొరికింది, ఆరిస్ అంటే లాటిన్లో చెవి, అదీ అట్టాగే మంచాల మీద, పరికరాల మీద వారాలు బతికి బెడ్డు నుంచి బెడ్డుకి పాకుద్ది, మామూలు ఫంగస్ బిళ్ళకి లొంగదు, మామూలు ఫ్లోర్ క్లీనర్లు కొన్ని దానికి చాలవు, క్లోరిన్ కావాలి. 2013 కల్లా మన దేశంలో ఢిల్లీ హాస్పిటళ్ళ నుంచి కూడా రిపోర్టు అయింది. డబ్ల్యూహెచ్ఓ వాళ్ళు 2022లో ప్రమాదకరమైన ఫంగస్‌ల లిస్టు ఒకటి వేసారు, మొత్తం 19, అందులో అన్నిటికన్నా పైన పెట్టిన నాలుగిట్లో ఆరిస్ ఉంది, మా అక్కయ్య నోట్లోది ఆల్బికన్స్ కూడా ఉంది. మీరు రాసిన పేషెంటుకి ఏది దొరికింది, ఆల్బికన్సా ఆరిసా? ఆ ఒక్క ముక్క రాస్తే ఐటం విలువ పదింతలయ్యేది. మొదటిదైతే మాస్కు అక్కర్లేదు, చూడ్డానికి పోయేవాళ్ళకి భయం లేదు. రెండోదైతే ఆ వార్డు మొత్తం కడగాలి, పక్క బెడ్డు వాళ్ళకి చెప్పాలి.

వింత అనే మాట మీద నాకు పాత కోపం ఉంది. 1819లో ఇటలీలో పాడువా దగ్గర జనం వండుకున్న మొక్కజొన్న సంకటి మీద రక్తపు చుక్కల్లాగా ఎర్రటి మచ్చలు లేచాయి, దయ్యం పనని ఊరంతా గోల. బిజియో అనే ఆయన చూసి ఇది తేమకి మొలిచిన జీవి అని తేల్చి సెరేషియా అని పేరు పెట్టాడు. చాలాకాలం అది ఎవరికీ హాని చెయ్యదు అనుకున్నారు, ఇప్పుడు ఐసీయూల్లో, చంటిపిల్లల వార్డుల్లో రక్తంలోకి పోయే రకాల్లో అదీ ఒకటి. నా టేబుల్ మీద కూడా అయిదారు సార్లు వచ్చింది, కుంకుమ చల్లినట్టు ముచ్చటగా ఉంటది ప్లేటు. మన ఊళ్ళో సంకటి మీద అట్టా లేస్తే చేతబడి అనేవాళ్ళు, మీ పేపర్లో వింత సంకటి అని వచ్చేది.

2021 మే నెల గుర్తుందా. బ్లాక్ ఫంగస్ అని రోజుకో పేజీ. గుంటూరు జీజీహెచ్‌కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, చుట్టుపక్కల నుంచి కన్ను వాచినవాళ్ళు వరసగా వచ్చారు, ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ ఇంజక్షన్ కోసం జనం రాత్రిళ్ళు ఫోన్లు చేసుకున్నారు, ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో కూడా చేర్చింది. అది ఈస్టు కాదు, బూజు, కుళ్ళిన పళ్ళ మీద, మట్టిలో, గాల్లో ఎప్పుడూ ఉండేదే. అసలది నల్లగా కూడా ఉండదు, అది రక్తనాళం మూసేస్తే చచ్చిన కండ నల్లబడుద్ది. అప్పుడు మాస్కు వల్ల అన్నారు, సిలిండరు వల్ల అన్నారు, ఎక్కువమందిలో ఉన్నది మాత్రం అదుపు తప్పిన షుగరు, దాని మీద రోజుల తరబడి స్టెరాయిడ్లు. ఇవాళ మళ్ళీ ఏ పల్లెకైనా పోయి చూడండి, జ్వరమంటే ఆర్ఎంపీ గారు కలిపి కొట్టే సూదిలో డెక్సా అనే స్టెరాయిడ్ ఉంటది, గంటలో జ్వరం దిగి లేచి కూర్చుంటాడు, ఆయన హస్తవాసి గొప్పది అంటారు. ఆ హస్తవాసి పేరు డెక్సామెథజోన్. దేశం మొత్తంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన అని ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో చెప్పింది, వాళ్ళల్లో ఎంతమందికి ఈ సూది పడుతుందో ఆలోచించుకోండి. 2025లో మా గుంటూరు పక్కన తురకపాలెం చావుల వార్తలప్పుడు మెలియాయిడోసిస్ అనే పేరు అందరి నోట్లో తిరిగింది కదా, మట్టిలో బురదనీళ్ళలో ఉండే, ఆ రోగం తెచ్చే బాక్టీరియా కూడా ఎక్కువగా ఎంచుకునేది షుగర్ వాళ్ళనీ బాగా తాగేవాళ్ళనీ, దానికి నెలల తరబడి మందు వాడాలి, కల్చర్ చెయ్యకుండా పట్టుకోవడం కష్టం, మామూలు జ్వరం మందులకి తగ్గదు.

కల్చర్ అంటే జనానికి చిరాకు, రిపోర్టుకి రెండు రోజులు అంటే కౌంటర్ దగ్గర గొడవ. నా సర్వీసులో తిట్లు తిన్నది ఎక్కువ దానికే, బిర్యానీ అరగంటలో వస్తంది మీ రిపోర్టు రాదేంటి అని ఒక కుర్రాడు టేబుల్ గుద్దాడు. నాయనా అది మొలవాలి కదా, మిరప నారు పోసిన రోజే కాయలు కోస్తావా అంటే వింటే కదా. ప్లేటు మీద పెరగడానికి ఒక రోజు, దాని మీద మందు బిళ్ళలు పెట్టి ఏది పనిచేస్తదో చూడ్డానికి ఇంకో రోజు, ఈస్టు అయితే ఇంకొంచెం. సీరియస్‌గా ఉంటే రిపోర్టు దాకా ఆగి మందు మొదలెట్టమని ఎవరూ అనరు, ముందు శాంపిల్ తీసి, వెంటనే మందు ఎక్కించి, రిపోర్టు వచ్చాక మార్చుకుంటారు, తేడా పది నిమిషాలు. మా అక్కయ్య విషయంలో ఆ పది నిమిషాలు మూడు రోజులయ్యింది.

కొత్తపేటలో ఏ మెడికల్ షాపు ముందైనా సాయంత్రం పావుగంట నిలబడండి. మొన్న నేను బీపీ బిళ్ళలకి పోతే నా ముందు కుర్రాడు గొంతు నొప్పి అని అజిత్రోమైసిన్ రెండు చాలన్నా అన్నాడు, షాపాయన స్ట్రిప్పుని కత్తెరతో కట్ చేసి ఇచ్చాడు, ఆ ఎర్రగీత ఉన్న ముక్కే. ఆ ఎర్రగీత ఎందుకేసారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దు కొనొద్దు అని, 2016లో కేంద్రం దాని మీద ప్రచారం కూడా మొదలెట్టింది. పెద్ద యాంటీబయాటిక్స్‌కి అయితే 2014 మార్చి నుంచి హెచ్1 అని విడిగా రిజిస్టరు ఉంది, రాసిన డాక్టరు పేరు, పేషెంట్ పేరు రాసి మూడేళ్ళు దాచాలి. మీ విలేకర్లు ఏదో ఒక రోజు ఆ రిజిస్టర్లు చూపించమని అడిగి వార్త రాస్తే వైరస్ ఐటం కన్నా ఎక్కువమంది చదువుతారు, నాది గ్యారంటీ. మందులకి లొంగని బాక్టీరియా వల్లే 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది దాకా పోయారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్క వేసారు, అందులో కొత్త పురుగులు పెద్దగా లేవు, అన్నీ మన క్లెబ్సియెల్లా, మన స్టాఫ్, మన ఈకోలై, ఇట్టాంటివే.

హాస్పిటళ్ళ మీద పగబట్టి రాస్తన్నానని అనుకోవద్దు, అక్కయ్య ఇవాళ వాకర్ పట్టుకుని వసారాలో నడుస్తందంటే వాళ్ళ పుణ్యమే. నేను అడిగేది చిన్నది. ఈసారి ఇట్టాంటి ఐటం వచ్చినప్పుడు డెస్కులో ఎవరో ఒకరు ల్యాబుకి ఫోను చేసి ఇది వైరసా బాక్టీరియానా ఈస్టా బూజా, మనిషి నుంచి మనిషికి పోయేదా కాదా, పేషెంటుకి ముందు నుంచి ఏముంది, షుగరా స్టెరాయిడా, ఈ నాలుగు ముక్కలు కనుక్కుని వెయ్యండి. హాస్పిటల్లో మనవాళ్ళుంటే పైపు ఎప్పుడు తీస్తారు, కల్చర్ పంపారా అని రోజూ అడగమని మూలకి చిన్న బాక్సు కట్టండి, ఆ ముళ్ళబంతి బొమ్మ తీస్తే చోటు సరిపోద్ది.

మీ పేపరు మా అక్కయ్య ఇంటిక్కూడా వస్తది. ఆ ఐటం చదివి నాకు ఫోను చేసింది, నాకొచ్చింది కూడా ఆ వైరస్సేనా తమ్ముడూ, మనవడిని దగ్గరికి రానీయనా వద్దా అని. ఏం భయం లేదక్కయ్యా అది ఇంట్లోదే అని చెప్పా, నమ్మలేదు, పేపర్లో వేసారు కదా అంటంది. సవరణ వేస్తే చిన్నక్షరాల్లో కాకుండా వెయ్యండి, ఆవిడకి శుక్లాల ఆపరేషన్ ఇంకా అవ్వలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
బ్రాడీపేట, గుంటూరు.